కంప్యూటర్ ముట్టుకోని బుష్షు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారిని చూశాక ఇక దేనికీ భయపడటం మానేశాను. ఆయనకు భయపడి బడీ మానేశాను. నవ్వేవాళ్లు నవ్వండి, జరిగింది మాత్రం మార్చి చెప్పను.

విశాఖలో ఒక మెషిన్ షాపులో, కొలతల గదిలో పని నాది. నల్లరాతి బల్ల మీద ముక్క పెడితే, కొసన కెంపు పూస ఉన్న సూది దాన్ని అక్కడక్కడా ముట్టుకుని సైజు చెబుతుంది. ఆ సైజును ఎంతవరకు నమ్మొచ్చో చెప్పేది కంప్యూటర్. గది ఇంత వేడెక్కితే, సూది ఇంత వంగితే అనుకుంటూ వేల ఉత్తుత్తి కొలతలు తీసి, ఇటో అటో ఇంత తేడా ఉండొచ్చంటుంది. ఉత్తుత్తి అంటే ఉత్తుత్తే. ముక్కను ముట్టుకోదు, చూడదు. ఆ తేడా హద్దు దాటితే నేను స్టాంపు వేయకూడదు.

సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసే ముందురోజు మా అక్క భర్త అప్పలరాజు బోటుకి చేసిన బుష్షు నా దగ్గరకొచ్చింది. ప్రొపెల్లర్ షాఫ్టు తిరిగే కంచు గొట్టం. తెల్లారితే హార్బర్‌లో బోట్లన్నీ బయల్దేరతాయి. బావ ఐసు ఎక్కించేశాడు, బోటులో పనిచేసే కళాసీలను పిలిచేశాడు. బుష్షు బిగించడమే తరువాయి.

సైజు సరిగ్గా ఉంది. తేడా మాత్రం, రోజూ రెండు మైక్రాన్లు వచ్చేది, తొమ్మిది వచ్చింది, హద్దు దాటేసింది. మళ్లీ చేశాను. తొమ్మిదే.

ఇంజనీరు సుధ మేడమ్ వచ్చి, వారం కిందటి వేరే బుష్షు లెక్కలు ఎక్కించి నడిపారు. అవి పాత ముక్కవి, బల్ల మీదున్న దానితో వాటికి సంబంధమే లేదు. అయినా తొమ్మిది. ఊరికే, బుష్షు తీసి కుర్చీలో కూర్చోబెట్టాను. మళ్లీ నడిపితే రెండు! బల్ల మీద పెట్టాను. తొమ్మిది. కొలిచే మెషిన్‌కి కరెంటు తీసేసి చూశాం. అదే వరస.

మేడమ్ కళ్లజోడు తుడుచుకున్నారు.

మేనేజరు స్టాంపు వేసెయ్యమన్నాడు. "కంప్యూటర్‌కి పిచ్చెక్కిందని రాసి, మీరే వేయండి సార్" అని స్టాంపు చేతికిచ్చాను. ఆయనా వేయలేదు.

మధ్యాహ్నానికి అప్పలరాజు గదిలోకే వచ్చేశాడు.

"ఏటి బావా, ఇన్ని బోట్లుంటే నీ కంప్యూటర్‌కి నాదే దొరికిందేటి? సైజు సరిపోయినాదన్నావు కదా!"

"సరిపోయినాది. స్టాంపు మాత్రం ఎయ్యను."

"కళాసీలకి ఏటి సెప్పాల నాను?"

"మా బావమరిది పిరికోడని సెప్పు. కావాలంటే నువ్వే పెట్టి సూడు."

పెట్టాడు. తొమ్మిది. తీశాడు. రెండు. మూడుసార్లు చూశాక బుష్షును నా ఒళ్లో పడేశాడు.

"ఇంకోటి సెయ్యించు బావా" అన్నాడు మెల్లగా.

మూడు రోజులు ఆలస్యంగా వెళ్లాడు. ముందే వెళ్లిన బోట్లకి ఏమీ కాలేదు, నిండా చేపలతో తిరిగొచ్చాయి. ఆ బుష్షును నిలువునా కోయించి చూశాను. పగులు లేదు, బొక్క లేదు. మేనేజరు నన్ను దెయ్యాల ఇన్‌స్పెక్టరంటాడు. అనుకోనివ్వండి. రేపు అలాంటిదే ఇంకోటి వచ్చినా వేయను.

ఆ రెండు చెక్కలూ నా డ్రాయర్‌లోనే ఉన్నాయి. విడివిడిగా బల్ల మీద పెడితే రెండే చూపిస్తుంది. కలిపి పెడితే తొమ్మిది. ఎందుకో నాకు తెలీదు. తెలిసినవాళ్లుంటే వచ్చి చెప్పండి, టీ నాది. స్టాంపు మాత్రం అడగొద్దు.