ఇరవై కిలోల బస్తా

మెట్టుగూడలో రాఘవేందర్ ఏది కొన్నా బస్తాల లెక్కనే కొంటాడు. అరకిలో పొట్లం పట్టుకెళ్లేవాళ్లను చూస్తే అతని మూతి వంకర తిరుగుతుంది. పిల్లికూనంత కుక్కకు ఇరవై కిలోల డాగ్‌ఫుడ్ బస్తా తెచ్చి, నలుగురికీ కనబడేలా వరండాలో నిలబెట్టాడు.

"గింత కుక్కకు గంత బస్తా ఏందన్నా?" అంది పక్కింటి జాన్ బీ.

"చిల్లరగ కొనేటోళ్లు ఎన్నటికీ బాగుపడరు చెల్లె," అని బస్తాను చరిచాడు.

వానలు షురూ కాగానే పురుగు పడుతుందని భయమేసి, బియ్యంలో కలిపినట్టే దోసెళ్లకొద్దీ వేపాకు కలిపాడు. వారం తిరిగేసరికి బస్తా అంతా చేదు వాసన. కుక్క గిన్నె వైపే చూడకుండా జాన్ బీ గుమ్మంలో రొట్టెముక్క కోసం కూర్చోసాగింది.

"దీనికి బలుపెక్కింది," అన్నాడే తప్ప, బస్తాలోంచి ఒక్క గింజైనా తీసి వాసన చూడలేదు.

ఆదివారం పొద్దున బస్తా మొత్తం వీధికుక్కల ముందు కుమ్మరించి, పక్కన నిలబడి ఫొటో దిగాడు. కుక్కలు మూతి పెట్టి, తుమ్మి, వెళ్లిపోయాయి. ఫొటో మాత్రం అప్పటికే కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉంది: "మూగజీవాల సేవలో మీ రాఘవేందర్." దాని కింద మొట్టమొదటి దండం పెట్టింది కూడా అతనే, తన రెండో నంబరు నుంచి.