ఏ బూర, తమ్ముడూ?

ఖతార్‌లోని అల్ వక్రా లేబర్ క్యాంప్‌లో నా గదిలోనే ఉండే గోదావరి అన్నకు ఒక అలవాటు. పొద్దున్నే కంపెనీ బస్సు హారన్ కొట్టగానే, బూట్లు తొడుక్కుంటూ, "ఏ బూర, తమ్ముడూ?" అని అడిగేవాడు.

ఆయన చదివే బైబిల్ పాత నిబంధనలో బూర ఒక తీరుగా ఊదితే జనం గుమిగూడాలట, ఇంకో తీరుగా ఊదితే గుడారాలెత్తి కదలాలట. యాభై ఏళ్ళకోసారి ఊదే బూర వింటే మాత్రం దాసుడు కూడా తన ఇంటికి వెళ్ళిపోవచ్చట.

"డ్యూటీ బూరనే అన్నా" అనేవాణ్ణి.

"అంతేలే" అంటూ నీరసంగా లేచేవాడు.

ఆయన పని మానేసి ఊరికి వెళ్ళిపోయే రోజు ఎయిర్‌పోర్టు కారు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. ఇంటికెళ్ళే బూర కూడా అన్న వినాలని, నేనే డ్రైవర్‌ను బతిమాలి హారన్ కొట్టించాను. అన్న మెట్లు దిగి వచ్చాడు. ఒక చేతిలో పెట్టె ఉంది, రెండో చేతిలో అలవాటు కొద్దీ పట్టుకొచ్చిన డ్యూటీ హెల్మెట్ ఉంది.