బిస్కట్ వేన్ కుషన్

హెర్న్‌డన్‌లో ఇల్లు మారుతున్న హడావిడిలో అల్మరా పై అరలోకి చెయ్యి పెడితే, పాత దుప్పట్ల అడుగున ఒక ప్లాస్టిక్ సంచీ తగిలింది. మూతి విప్పానో లేదో ఎండిన బంకమట్టి వాసన, దాని వెంటే కాస్త తియ్యగా, కాస్త ఘాటుగా, కళ్లల్లో చురుక్కుమనిపించే రేసుకార్లలో పోసే మిథనాల్ ఇంధనం వాసన గుప్పుమన్నాయి. లోపల మా అమ్మ తన పాత పోచంపల్లి చీరతో కుట్టిన కుషన్ ఉంది. ఎరుపు, నలుపు గళ్లు ఇప్పుడు రెండూ ఒకే మట్టిరంగులో కలిసిపోయాయి. "దీన్ని కూడా మోసుకెళ్లాలా?" అన్నారు మా ఆయన, చెత్త సంచీ వైపు చూస్తూ. ఈ కుషన్ ఎవరిదో ఆయనకు తెలియదు. అసలు ఇలాంటి కుషన్ ఒకటి ఉందా లేదా అన్న విషయం మీద దేశంలో ఒక మూల ఇంకా తగువు నడుస్తోందని అప్పటికి నాకూ తెలియదు.

నాకు ఏడేళ్లప్పుడు, రెండువేల దశకం మొదట్లో, మేం బెంటన్‌విల్‌కి వచ్చాం. ఆ ఊళ్లోని పెద్ద స్టోర్ల కంపెనీలో నాన్న కాంట్రాక్టు మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పాల ప్యాకెట్‌కి కూడా కారు తీయాల్సిన ఊరు, పలకరించడానికి పక్క అపార్ట్‌మెంట్లో మరో రెండు తెలుగు కుటుంబాలు, వాళ్లు కూడా ప్రాజెక్టు అయిపోతే రాత్రికి రాత్రే పార్సిప్పనీకో మరెక్కడికో ఎగిరిపోయేవాళ్లు. శనివారం వచ్చిందంటే అమ్మ ఉతికిన బట్టలు మడతపెట్టేది, నాన్న మడతపెట్టిన బట్టల మీద కూర్చుని తిట్లు తినేవాడు. అలాంటి ఒక వారం, ఆఫీసులో నాన్న పక్క సీట్లో కూర్చునే గ్యారీ అంకుల్, "ఖాళీగా ఉంటే పిల్లని తీసుకుని రా, మట్టి మీద కార్లు పరిగెత్తుతాయి" అన్నాడట. మిస్సోరీ సరిహద్దు వైపు గంట ప్రయాణం. ఆవుల మందలు, గడ్డిమోపులు, ఓ చర్చి, ఆ తర్వాత ఉన్నట్టుండి ఆకాశంలోకి లేచిన ఎర్రటి దుమ్ము.

స్ప్రింట్ కారుని మొదటిసారి చూసినవాళ్లెవరూ దాన్ని కారు అనరు. ఇనప గొట్టాల బోను, పక్కకొకటి పొంతన లేని లావు చక్రాలు, నెత్తిమీద నవారు మంచమంత రెక్క. దానికి స్టార్టర్ ఉండదు, వెనక నుంచి ట్రక్కు వచ్చి తోస్తేగానీ ఇంజన్ అందుకోదు. నాన్నకి ఆ ఆటతో చుట్టరికం కలిసింది ఇక్కడే. "మా రేపల్లె బస్సులు కూడా ఇంతేనమ్మా, తోస్తే తప్ప కదిలేవి కాదు" అని మురిసిపోయాడు. ఇంజన్లన్నీ ఒకేసారి అందుకున్నాక మాత్రం ఆ మురిపెం ఎవరికీ వినబడలేదు. శబ్దం చెవుల్లోంచి కాదు, కూర్చున్న బల్లలోంచి వెన్నులోకి ఎక్కింది. అమ్మ నా చెవులు మూసింది, అమ్మ చెవులు నాన్న మూశాడు, నాన్న చెవుల సంగతి దేవుడెరుగు.

ఆ తర్వాత ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా మా శనివారాలన్నీ అక్కడే గడిచాయి. వసంతంలో వాన భయం, సుడిగాలి సైరన్లు, సగం తడిసి వెనక్కి వచ్చేసిన సాయంత్రాలు. జులైలో ఇలకోళ్ల రొద, అల్యూమినియం బల్లలు పెనంలా కాలిపోతుంటే జనం తువ్వాళ్లు పరుచుకుని కూర్చోవడం. అక్టోబర్‌లో దుప్పట్లు, కాగితపు గ్లాసుల్లో వేడి చాక్లెట్ పాలు. రేసుకి ముందు నీళ్ల ట్యాంకరు మట్టిని తడిపినప్పుడు తొలకరి వాసన వచ్చేది, అమ్మ ఆ ఒక్క నిమిషం కళ్లు మూసుకునేది. చుట్టూ జనం చీజ్ పోసిన నాచోస్ తింటుంటే మేం స్టీలు డబ్బాలో పులిహోర, సకినాలు విప్పేవాళ్లం. నాలుగో మలుపు దగ్గర కూర్చుంటే చక్రాల కింది మట్టిపెళ్లలు వడగళ్లలా వచ్చి పడేవి. పులిహోరలో పడితే "ఇంగువ కాస్త ఎక్కువైందనుకో" అని నాన్న పక్కకు తీసి తినేసేవాడు. డ్రైవర్లు ముఖం ముందు పలచని ప్లాస్టిక్ పొరలు ఒకదానిమీద ఒకటి అంటించుకుని, మట్టి కమ్మినప్పుడల్లా పై పొర పీకి పారేసేవాళ్లు. రేసులయ్యాక వాటిని ఏరుకోవడం మా పిల్లల ఆట. వాటిలోంచి చూస్తే అమ్మ, నాన్న, లైటు స్తంభాలు, అన్నీ మట్టిలో పుట్టినట్టే కనబడేవి.

నాన్నకి కార్ల కన్నా కబుర్ల మీద మోజు ఎక్కువ. ఏ తలనెరిసిన మనిషి పక్కన చోటు దొరికినా కూర్చుని, "మీ కాలంలో మొనగాడెవరండీ?" అని అడిగేవాడు. ఆ ఒక్క మాటతో ఎంత ముభావి అయినా నోరు విప్పేవాడు. ఒకాయన ఒంటి కన్నుతో గెలిచినవాణ్ని చూశానంటే, ఇంకొకాయన మూడు చక్రాల మీద గెలిచినవాణ్ని చూశానని పోటీకి వచ్చేవాడు. అందరూ చివరికి వచ్చి ఆగే పేరు మాత్రం ఒకటే, బిస్కట్ వేన్. రేసుకి ముందు, అక్కడివాళ్లు బిస్కట్లనే వేడి బన్నుల్లాంటివి గ్రేవీలో ముంచుకు తినందే బండెక్కేవాడు కాదట, అందుకని ఆ పేరు. మేం వచ్చేనాటికే పోయాడు. కారు పసుపుపచ్చది అని ఒకరు, కాదు నారింజరంగు అని ఒకరు, సరదా మనిషని ఒకరు, నోరెత్తని మనిషని ఒకరు. ఒకే మనిషి ఇంతమందికి ఇన్ని రకాలుగా ఎలా కనబడ్డాడా అని నాకు ఒకటే ఆరాటం. అందరూ ఒప్పుకున్న సంగతి ఒక్కటే ఉంది. "వేన్ ఎప్పుడూ కుషన్ వదల్లేదు" అనేవాళ్లు, టోపీ తీసి మరీ.

ఆదివారం పొద్దున అమ్మ దోసెలు పోస్తుంటే నాన్న ఆ కథ మాకు విడమరిచి చెప్పేవాడు. "వేన్ పొట్టివాడన్నమాట. సీట్లో కూర్చుంటే ముందేమీ కనబడేది కాదు. వాళ్లావిడ చూసి చూసి, తన పెళ్లిగౌను చింపి ఓ కుషన్ కుట్టి ఇచ్చింది. అంతే! బండి పల్టీకొట్టినా సరే, కుషన్ చంకలో పెట్టుకునే బయటికొచ్చేవాడంట."

అమ్మది కరీంనగర్, దేన్నీ ఊరికే నమ్మే రకం కాదు. "గిదంత మీకు ఎవరు జెప్పిన్రు?"

"అందరూ చెప్పారు. కుషన్ వదల్లేదు, వదల్లేదు అని అంతమంది అబద్ధమాడతారా?"

"కుషన్ అన్నరు. పెండ్లిగౌను అన్నరా?"

"మరి ఊరికే వచ్చిందా కుషన్? ఎవరో ఒకరు కుట్టాలిగా!"

అమ్మ ఇంకో దోసె పోసింది. మర్నాడే తన పాత చీర కత్తిరించి, కాలే బల్లల మీద కూర్చోవడానికి నాకో కుషన్ కుట్టింది.

వేన్ భార్య వాండా ప్రతి వారం మొదటి వరసలో, గులాబీ రంగు టోపీ పెట్టుకుని కూర్చునేది. పెద్దవాళ్లని ఎలా పిలవాలో అమ్మ నేర్పినట్టే నేను వాండా ఆంటీ అని పిలిచాను. వాళ్ల లెక్కలో ఆంటీ అంటే సొంత మేనత్తో పిన్నో కావాలి కదా, ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, ఆ రోజు నుంచి అందరికీ నన్ను "నా మేనకోడలు" అని పరిచయం చేసేది. సకినాలు తింటూ, జనం చెప్పే వేన్ కథలన్నీ, ఒకదానికొకటి పొసగనివి కూడా, తల ఊపుతూ వినేది. కారు అసలు ఏ రంగు ఆంటీ అని అడిగాను ఒకసారి. "పొద్దున పసుపు, రేసయ్యాక మట్టిరంగు" అంది.

ఆగస్టులో ఒక శనివారం వేన్ పేరు మీద రేసు జరిగేది. మొదలయ్యే ముందు మైకు పెట్టి, ఆయన్ని ఎరిగినవాళ్లు వచ్చి తలో జ్ఞాపకం చెప్పేవాళ్లు. ఏటేటా చెప్పేవాళ్లూ తగ్గారు, వినేవాళ్లూ తగ్గారు. నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఆ వేసవిలో ట్రాక్ యజమాని, ఈసారి కూడా జనం పట్టించుకోకపోతే వచ్చే ఏటినుంచి ఆ రేసు మామూలు రేసే అనేశాడు. వాండా ఆంటీ ఆ మాట అమ్మకి చెబుతూ ఏడవలేదు గానీ, చేతిలో సకినాన్ని ముక్కలు ముక్కలు చేసింది. "ఆయన పేరున ఇచ్చే కప్పు పోతే పోనీ. ఏడాదికి ఒక్కసారైనా ఆ లౌడ్‌స్పీకర్లో ఆయన పేరు వినబడుతోంది. అదీ ఆగిపోతే ఇక ఆయన్ని పిలిచేది నేనొక్కదాన్నే" అంది.

ఆ సాయంత్రం వచ్చింది. గ్యారీ అంకుల్ కిందటేడు చెప్పిన కథే మళ్లీ చెప్పాడు. ఒక ముసలాయన మొదలుపెట్టి, మధ్యలో మర్చిపోయి, టోపీ తీసి తల వంచి దిగిపోయాడు. జనం సగం మంది నాచోస్ వరసలో ఉన్నారు. "ఇంకెవరైనా?" అని యజమాని మైకు కట్టేయబోతూ అడిగాడు. వాండా ఆంటీ తన చేతుల వైపే చూసుకుంటోంది. నాన్న లేచాడు. అమ్మ చొక్కా పట్టుకుని గుంజింది.

"ఏం జెప్తరండీ మీరు? ఆయన్ని ఎన్నడన్న సూసిన్రా?"

"చూడలేదు. అందుకేగా" అన్నాడు నాన్న, చొక్కా విడిపించుకుని.

కాలేజీ వక్తృత్వ పోటీలో లాగా "రెస్పెక్టెడ్ ఎల్డర్స్" అని మొదలుపెట్టాడు. తర్వాత పొట్టి డ్రైవరు, పెళ్లిగౌను, కుషన్, చంకలో కుషన్‌తో పల్టీ బండిలోంచి బయటికి రావడం, ఒక్కటీ వదల్లేదు. చెప్పడం అయిపోయింది. ఎక్కడో ఒకరు కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత వరసలకు వరసలే పొట్ట పట్టుకుని నవ్వాయి. ఎందుకో నాకు తెలియలేదు గానీ, మా నాన్నని చూసి నవ్వుతున్నారని మాత్రం తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. నాన్న కూడా నవ్వుతూ నిలబడ్డాడు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

వాండా ఆంటీ లేచింది. తిన్నగా నా దగ్గరికి వచ్చి, చెయ్యి చాపి, నా కింద ఉన్న కుషన్ తీసుకుని మైకు దగ్గరికి నడిచింది. పోచంపల్లి కుషన్‌ని రెండు చేతులా తలమీదికి ఎత్తి పట్టుకుని, "ఇన్నేళ్లూ ఇదెక్కడ పోయిందా అని వెతుకుతున్నాను" అంది.

జనం వేసిన ఆ కేకలాంటిది నేను మళ్లీ ఎన్నడూ వినలేదు, ఇంజన్ల మోత కూడా దాని ముందు దిగదుడుపే. నాచోస్ వరసలోంచి జనం వెనక్కి పరిగెత్తారు. ఒకాయన వచ్చి వేన్ సంగతి ఇంకోటి నేను చెబుతానన్నాడు, ఆయన్ని తోసుకుని ఇంకొకాయన, ఆ తర్వాత ఎన్నడూ పెదవి విప్పని మెకానిక్ ఒకాయన. ఆ రోజు రేసు ఆలస్యంగా మొదలైంది, ఎవరూ విసుక్కోలేదు. మరుసటి ఆగస్టుకి జనం ఇళ్లలోంచి కుషన్లు పట్టుకుని వచ్చారు, పేరు పిలవగానే అన్నీ గాల్లోకి లేచాయి. యజమాని ఇక రేసు ఆపే మాట ఎత్తలేదు.

నాన్న మైకు పట్టుకున్న ఆ సాయంత్రం తర్వాతి వారమే, రేసుకి ముందు, వాండా ఆంటీ నన్ను నాలుగో మలుపు గోడ దగ్గరికి తీసుకెళ్లింది. చక్రాలు చిమ్మిన మట్టి ట్రాక్ బయటి అంచున గట్టులా పేరుకుని ఉంది. "ఇదీ కుషన్" అంది, బూటుతో తట్టి చూపిస్తూ. వెనక చక్రాన్ని దాని మీద ఆనించి నడిపితే అందరికన్నా వేగం, జానెడు తప్పితే గోడ. చాలామంది భయపడి కిందికి దిగిపోతారట. వేన్ దిగేవాడు కాదు. నేను వంగి చెయ్యి పెట్టి చూశాను. మెత్తగా, చల్లగా, కలిపి ఉంచిన చపాతీ పిండిలా ఉంది. ఇంత చిన్న గట్టు కోసమా అంతమంది టోపీలు తీసింది అని ఆశ్చర్యపోయాను. "మీ నాన్నకి చెప్పకు. ఆయన కుషనే నాకు బాగుంది" అంది ఆంటీ. చెప్పలేదు.

నేను కాలేజీకి వెళ్లిన ఏడాది వాండా ఆంటీ పోయింది. ట్రాక్ ఆ తర్వాత ఎంతో కాలం నిలవలేదు. ఆ మలుపు ఉన్నచోట ఇప్పుడు సామాన్లు దాచుకునే రేకుల గదులున్నాయి. నీళ్ల ట్యాంకరు లేదు, తొలకరి వాసన లేదు, తలనెరిసినవాళ్లు కూర్చుని పోట్లాడుకునే బల్లలు లేవు. ఆ పోట్లాట మాత్రం పాత అభిమానుల ఆన్‌లైన్ గ్రూపులోకి మారింది. కుషన్ దొరికిన సాయంత్రం అట్టపెట్టెల మధ్య కూర్చుని అందులో వెతికాను. ఓక్లహోమా కుర్రాడెవరో రాశాడు: వేన్ తన భార్య పెళ్లిగౌనుతో కుట్టిన కుషన్ మీద కూర్చుని నడిపేవాడట, మా తాత చెప్పేవాడు అని. కింద ఇంకొకరు: అదంతా కట్టుకథ, కుషన్ అంటే మట్టిగట్టు, అసలు ఆ గుడ్డ కుషన్ కళ్లారా చూసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?

నాన్నకి ఫోన్ చేశాను. ఇన్నేళ్లూ దాచిన మాట నెమ్మదిగా చెప్పాను. అవతల నుంచి నవ్వు.

"నాకు తెలుసు కదమ్మా. నేను మైకు పట్టుకోవడానికి ముందు వారమే గ్యారీ ఆఫీసులో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు."

"తెలిసీ అంతమందిలో అలా ఎందుకు చెప్పావు నాన్నా? అందరూ నవ్వారు!"

"నిజం కథలన్నీ వాళ్లు అప్పటికే వినేశారు, వినడానికి ఎవరూ రావట్లేదు. నేనేమన్నా ఆయన్ని చూసినవాణ్నా? నా దగ్గరున్న కొత్త కథ అదొక్కటే." అంతలోనే అడిగాడు, "పేరు ఇంకా అంటున్నారా?"

"అంటున్నారు నాన్నా. పోట్లాడుకుంటున్నారు."

"మంచిది" అన్నాడు.

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. తర్వాత కుషన్‌ని ఒళ్లో పెట్టుకుని, ఆ ప్రశ్న కింద జవాబు రాశాను. ఉంది, నేను చూశాను, నా చిన్నతనమంతా దాని మీదే కూర్చున్నాను అని.