ఆడ బిడ్డలకి భయం లేదు

మాది ఏలూరు. బాబుతో హోసూరు వచ్చి నెలైనా కాకముందే మా ఆయన్ని కంపెనీ రెండేళ్ల పాటు వియత్నాం వెళ్లమంది. కుటుంబాన్ని కూడా తీసుకెళ్లవచ్చు. పది నెలల పిల్లాడితో ఎక్కడికో వెళ్లడానికి నాకు ధైర్యం చాలక, మేం రామని చెప్పేశాను.

ఆ వారమే కృష్ణగిరిలో ఒక పెళ్లికి వెళ్లి బస్సులో వస్తున్నాను. పక్క సీటులో సూళగిరి ఆవిడ బాబును ఆడిస్తూ మాట కలిపింది. భర్త పని మీద రెండేళ్లు హనోయిలో ఉండి వచ్చారట. అక్కడ పిల్లల్ని పెంచడం ఎలా ఉంటుందని ఆత్రంగా అడిగాను.

"ఆడ బిడ్డలకి ఏం భయం లేదమ్మా," అంది.

బాబును నా వైపు లాక్కుని అడిగాను. "మరి మగపిల్లలకి?"

ఆవిడ బాబును చూసి, నన్ను చూసి నవ్వింది. "ఆడ అంటే ఆ దేశంలో అమ్మా. మీ తట్టు అట్ల అనరా?"

నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆవిడ నిదానంగా చెప్పింది. "పొద్దున్నే వీధిలో పసిబిడ్డలకని గంజి అమ్ముతారు. మావాడు దాంతోనే పెరిగినాడు. రోడ్లు ఆడ మేలు. ఆస్పత్రి ఈడ మేలు, మన బాధ మన మాటల్లో చెప్పుకోవచ్చు. ఆడ ఫోన్లో మాట మార్చి చూపించాల."

"జ్వరం వస్తే?"

"వచ్చింది, పోయింది. ఈడ రాదా ఏమి?"

బాబుకు కిందటి వారమే జ్వరం వచ్చి తగ్గింది. హోసూరులో దిగగానే మా ఆయనకు ఫోన్ చేసి, మేమూ వస్తున్నామని చెప్పాను.