లావు మాస్టరు నడుము కొలత

మనిషి చిక్కినా పేరు చిక్కదు. బజారు మలుపులో కుట్టు దుకాణం నడిపే ఆయన్ని వీధి వీధంతా ఇప్పటికీ లావు మాస్టరనే పిలుస్తుంది. ఒకప్పుడు ఆ పేరుకు న్యాయం చేశాడు లెండి. ఆ బరువుకి మోకాళ్ళు వాచి, మిషను తొక్కలేక, దాదాపు ఏడాదిపాటు దుకాణం మూల కుర్చీలో కూలబడి, భార్య కుడుతుంటే చూస్తూ గడిపాడు. కత్తెర పట్టిన చేతికి పని లేకపోతే ఎంత నరకమో ఆయన్నే అడగాలి.

తర్వాత తగ్గాడు. పస్తులుండి మాత్రం కాదు. వయసులో ఉన్నప్పుడు ఆ ముచ్చటా తీరింది. నెల తిరక్కుండా చిక్కిపోయి, సంబరంగా ప్యాంట్లన్నీ బిగించి, లోపలి మిగులు గుడ్డ కత్తిరించి పారేశాడు. పోయిన ఒళ్ళు వడ్డీతో సహా తిరిగొచ్చింది, ప్యాంట్లన్నీ పేలికలయ్యాయి. అందుకే ఈసారి ముద్దకు ముద్ద తగ్గించుకుంటూ, పొద్దున్నే నాలుగు వీధులు నడుస్తూ, రెండేళ్ళు ఓపిక పట్టాడు. మోకాళ్ళు మాట విన్నాయి. మళ్ళీ మిషనెక్కాడు.

కథ అక్కడ ఆగితే బాగుండును. తగ్గడం ఒక ఎత్తు, తగ్గినచోట నిలవడం ఒక ఎత్తు. తగ్గేటప్పుడు నెలకో సంతోషమైనా ఉండేది, ఇప్పుడు భయం తప్ప మరేమీ లేదు. ఒళ్ళు తిరిగొస్తే మళ్ళీ ఆ మూల కుర్చీయే గతి. దాని వంక చూడకుండా పక్కకి తిరిగి నడిచేవాడు. ఎవరికైనా కొలత తీసి, వాళ్ళు అటు తిరగ్గానే టేపు తన నడుముకు చుట్టి, ముప్పైనాలుగు దాటలేదని చూసుకునేవాడు. ప్యాంట్లు బిగించాడు గానీ లోపలి గుడ్డ మాత్రం కొయ్యలేదు. నాలుగేసి అంగుళాలు మడిచి లోపలే కుట్టేశాడు. కూర్చుంటే నడుము వెనక అది మూటలా ఒత్తుకునేది.

“ఆ మూట ఎన్నాళ్ళు మోస్తారండీ? కోసేయకూడదూ?” అనేది పక్కన కూర్చుని కాజాలు కుట్టే భార్య.

“నీకేం తెలుసు. ఒళ్ళు చెప్పి రాదు.”

ఇలా ఉండగా పాత టేపు కొసన ఇత్తడి ముక్క ఊడింది, అంకెలు అరిగిపోయాయి. భార్య కొత్తది తెచ్చింది. అది విప్పగానే మాస్టరు చేసిన మొదటి పనేమిటో వేరే చెప్పాలా? నడుము అంగుళం ఎక్కువొచ్చింది.

ఇక చూడాలి ఆయన అవస్థ. కాలుకాలిన పిల్లిలా దుకాణమంతా తిరిగాడు. మందుల షాపుకి పోయి బరువు చూసుకున్నాడు. ముల్లు పోయిన నెల ఎక్కడుందో అక్కడే నిలిచింది. “ముల్లు పట్టేసిందిలే” అన్నాడు. ప్యాంటు బిగుతు కాలేదు కదా అని భార్య అంటే, “గుడ్డ సాగింది” అన్నాడు. లోకంలో అన్నీ అబద్ధం చెప్పేవే, టేపొక్కటే నిజం చెప్పేది.

ఆ రోజు నుంచి రాత్రి కంచం ముందు కూర్చోవడం మానేశాడు. అందరూ తినే వేళకి చెప్పులేసుకుని వీధుల్లో పడేవాడు. పగలు ఆకలికి చేతులు వణికి ఎవరిదో చొక్కా కాలరు వంకరగా కత్తిరించాడు. పలకరించినవాళ్ళ మీద కయ్యిమన్నాడు.

“మోకాళ్ళు పోతాయని తిండి మానేసి, చేతులు పోగొట్టుకుంటున్నారు,” అంది భార్య. ఆయన చెప్పులు వెతుక్కున్నాడు.

ఆ వారంలోనే బస్సు కండక్టరు యూనిఫారం కోసం వచ్చాడు. అతని కొలతలు మాస్టరుకి నోటికి వచ్చు. ఏళ్ళుగా కొలవకుండానే కుట్టి ఇస్తున్నాడు. కండక్టరు తెరచాటున ప్యాంటు తొడుక్కుని, ఊపిరి బిగబట్టి బయటికొచ్చాడు.

“మాస్టరూ, ఇది నాదేనా? హుక్కు పడట్లేదు.”

“లావెక్కావు,” అన్నాడు మాస్టరు, ఎక్కడలేని కసితో. “పొద్దస్తమానం నిలబడే ఉద్యోగమని ధీమాగా ఉన్నావు.”

“నేనా? బెల్టు ఇన్నేళ్ళుగా ఒకటే రంధ్రంలో పెడుతున్నా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కోత తప్పి నా పొట్టనంటారేంటి?”

మాస్టరు రుసరుసలాడుతూ అతని నడుముకి టేపు చుట్టాడు. నోటికొచ్చిన కొలత కంటే సరిగ్గా అంగుళం ఎక్కువ. చూశావా అనబోయి ఆగిపోయాడు. తనకీ అంగుళం, ఇతనికీ అంగుళమా?

భార్యకి అప్పటికే తట్టింది. పేలికల మూటకి తాడుగా కట్టిన పాత టేపు విప్పి, బల్ల మీద కొత్తదాని పక్కన పరిచింది. రెండింటి మీదా పది అంకెను కలిపి పట్టుకుంది. నలభై దగ్గరికొచ్చేసరికి పాతది బొటనవేలి వెడల్పున ముందుకు పోయింది.

గుడ్డ టేపు లాగగా లాగగా సాగుతుంది, సాగితే కొలత తక్కువ చూపిస్తుంది. ఆ పాత అంకెకే కొత్త టేపుతో కోస్తే ప్యాంటు బిగుతవుతుంది. కుట్టుపనిలో నిన్న చేరినవాళ్ళకీ తెలిసిన ముక్క. ఆయనకీ తెలుసు. భయం పట్టినవాడికి తెలిసిందీ తట్టదు మరి.

“నన్ను లావెక్కించి పంపేవారే,” అని కండక్టరు నవ్వాడు. మాస్టరు ఎవరి ప్యాంటులోనైనా ఒక అంగుళం గుడ్డ వదులుతాడు గనుక చిక్కేమీ లేదు. సాయంత్రానికి వదులు చేసి ఉంచమని చెప్పి వెళ్ళిపోయాడు.

అంత జరిగినా మాస్టరు మొహం విచ్చుకోలేదు.

“అయితే నేను ముప్పైనాలుగు ఎప్పుడూ లేనన్నమాట,” అన్నాడు. ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

“మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయా?”

“లేవు.”

“మిషను తొక్కుతున్నారా?”

“నీ కళ్ళముందేగా.”

“మరి ఆ అంకెను నెత్తిన పెట్టుకుంటారా?” భార్య పాత టేపు చుట్టి పక్కన పడేసింది. “రోజూ ఒక్కదాన్నే తినలేకపోతున్నానండీ. నాకు ముద్ద దిగడం లేదు.”

సాయంత్రం కండక్టరు ప్యాంటు వదులు చేశాక, తనది తిరగేసి బల్ల మీద వేశాడు. మడత కుట్లు విప్పి, కాసేపు కత్తెర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత మూడంగుళాల గుడ్డ కోసేశాడు.

“ఆ ఒక్క అంగుళం దేనికి ఉంచారు?”

“అందరికీ వదిలేదేగా. నేను మాత్రం మనిషిని కానా?”

దుకాణం వెనకే ఇల్లు. ఆ రాత్రి ఆయన మూల కుర్చీని తనే మోసుకెళ్ళి, వంటింట్లో భార్య ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

“నాకూ ఓ కంచం పెట్టు.”

ఆమె పెట్టింది. రెండో ముద్ద కాగానే ఆయన ఎడంచెయ్యి దానంతటదే మెడలోని టేపు మీదికి పోయింది. భార్య చూసింది.

“అన్నం చల్లారిపోతుంది,” అంది.