పొదుగుకు పూసిన దోమల మందు

నా తెలివి వల్ల ఒకే ఇంట్లో రెండు పసిప్రాణాలు ఎలా పస్తులున్నాయో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనే ఇంకా పూర్తిగా నవ్వలేకపోతున్నాను.

గోదావరికి ఆనకట్ట కట్టి మా కొత్తపేట వైపు కాలువలు వదిలిన కొత్తలో, నీళ్ళతోపాటు దోమలూ దిగాయి. అప్పుడే పురిటికి వచ్చిన మా అక్క చలిజ్వరంతో మంచం పట్టింది. పాలు పడలేదు. నెల నిండని పసివాడు మా ఆవుపాల మీదే బతుకుతున్నాడు. ఆ ఆవునేమో దోమలు పీక్కుతింటున్నాయి.

ఊళ్ళో అందరూ పశువులకు వేపనూనె రాసేవారు. అది పూటకే ఆరిపోతుందని, ఇరవై ఏళ్ళ మేధావిని కదా, నాకు చిన్నచూపు. ఆ నూనెలో వావిలాకు పసరు, లంకపొగాకు కషాయం పోసి జిగురుగా కాచాను. ఒకసారి పూస్తే వారం వదలదని అందరికీ చెప్పాను. కొమ్ముల నుంచి తోకదాకా, పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినంత శ్రద్ధగా పూశాను.

తెల్లారేసరికి ఆవు మీద ఒక్క దోమ లేదు. మీసం మెలేస్తూ నిలబడ్డాను. పాలు పితికే వేళయింది. దూడ పొదుగులో మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి నడిచింది. దూడ కుడవనిదే మా ఆవు చుక్క పాలు చేపదు.

“పొదుక్కి కూడా రాసేవా?” అన్నారు నాన్నగారు.

“ఆయ్. దోమలు అక్కడే ఎక్కువ కుడుతున్నాయండి.”

“పిల్లలకి పాలు మాన్పించాలంటే తల్లులు రొమ్ముకి వేపాకు నూరి రాసుకుంటారు, ఎరగవా? దూడకి నువ్వు ఆ పనే చేసేవు.”

కుంకుడురసంతో కడిగాం, బూడిదతో తోమాం. బెల్లం పూస్తే దూడ బెల్లం వరకు నాకి వెళ్ళిపోయింది. లోపల పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఇరుగుపొరుగు పోసిన గరిటెడు పాలతోనే వాడి ప్రాణం నిలిపాం. వారం తిరిగేసరికి, దూడ కుడవక ఆవు ఎండిపోయింది. ఆలమూరులో మా పిన్ని కూడా బాలింతే కాబట్టి, పసివాణ్ణి పడవలో ఆవిడ దగ్గరికి పంపేశాం. అక్క గోడ పట్టుకుని వీధిగుమ్మం దాకా వచ్చి చూసింది.

ఆరు నెలలకు కోలుకుని, కొడుకును తెచ్చుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. చేతులు చాచింది. వాడు ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసి, పిన్ని మెడ కరుచుకుని ఏడ్చాడు.

అక్క నవ్వింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది.

“దూడకే కాదురా తమ్ముడూ, నీ మందు మా వాడిక్కూడా బాగానే పని చేసింది” అంది.

అందుకే గోదావరి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. దోమలు నా ముక్కు మీద కాపురం పెట్టినా సరే, వాటికి మందు మాత్రం కనిపెట్టను.