పిల్లిపిల్ల నాలుక కింది ఎర్ర దారం

అది 2021. లాక్‌డౌన్ ఎత్తేసినంక సోలాపూర్‌ల పవర్‌లూమ్‌లు మళ్ల ఒక్కొక్కటిగ మొదలైతున్న రోజులు. సర్కారు పశువుల దవాఖానల డ్రెస్సర్‌గ చేసి రిటైరైన నేను, ఇంట్ల ఊకె కూసునుడు చేతగాక హోట్గి రోడ్ మీద ఒక ప్రైవేటు క్లినిక్‌ల కుదిరిన. డ్రెస్సర్ అంటే పుండు కడిగి కట్టు కట్టేటోడు, డాక్టరు సూది వేసేటప్పుడు జంతువును కదలకుండ పట్టుకునేటోడు. నా బడి చదువు నాలుగో తరగతిలనే ఆగింది. తర్వాతిదంతా మందు సీసాల మీది కాగితాలు కూడబలుక్కొని నేర్చిందే.

ఆ ఏడు పిల్లిపిల్లలకు ఎన్నడు లేని గిరాకి వచ్చింది. షెడ్లు మూతబడి ఉన్నన్ని నెలలు ఎలుకలదే రాజ్యం. మగ్గానికి ఎక్కించే బీమ్, అంటే నిలువు పోగులు చుట్టిన పెద్ద రోలర్, దాని మీది నూలుకు గంజి పట్టించి ఉంటది. ఆ గంజి రుచికి ఎలుకలు బీమ్‌లకు బీమ్‌లు కొరికి పెట్టినయి. అప్పటిదాక పిల్లి ఎదురొస్తే ఎనక్కి మళ్లి, నీళ్లు తాగి బయలెల్లేటోళ్లే సంచులు పట్టుకొని పిల్లులను ఎతుక్కుంట తిరిగిన్రు. నాకు ఒళ్లు మండేది. ఎలుకలుంటే పిల్లి లక్ష్మి, ఎలుకలు పోతే అపశకునమా?

మా చిన్నప్పుడు, సోలాపూర్‌ల తెలుగు నేతోళ్ల వాడ భవాని పేట్‌ల ఇట్ల లేకుండె. అవి గుంట మగ్గాల కాలం. నేసేటాయన కాళ్లు పెట్టుకునే గుంటల పిల్లి ఈనేది. వెచ్చగ ఉంటది, కుక్క దిగదు. ఇంట్ల పిల్లి ఈనిందంటే మా తాత మగ్గం మీదికి పోకపోయేది. "బాలింత ఉన్నది, సప్పుడు చెయ్యకుర్రి" అని మా నాయనమ్మ గుంట మీద పాత చద్దరు కప్పేది. పేట్ మొత్తం మగ్గాల మోత, మా ఇల్లొక్కటే గప్‌చుప్. ఎలుకల లెక్క చూసి పిల్లిని సాదే కాలం కాదది. ఇంట్ల మనిషిలెక్క ఉండె.

అసలు కథకు వస్త. ఒకనాడు పగటీలి పోశవ్వ వచ్చింది. భవాని పేట్‌ల బీడీలు చేసే మనిషి. బీడీలు కార్ఖానకు మోసే గంపల తువ్వాల పరిచి, దాంట్ల పిడికెడంత పిల్లిపిల్లను పెట్టుకొని ఆటో దిగింది. ఎనక ఆమె కొడుకు అంబాదాస్, చద్దర్ల షెడ్డుల పనిచేసేటోడు, మొకం మాడ్చుకొని నిలబడ్డడు.

"ఏమైంది చెల్లె?"

"తింటలేదన్నా. తెచ్చిన కొత్తల మంచిగనే తిన్నది. ఇప్పుడు మూతి కాడ పెట్టినా ముట్టది. సొంగ కారుస్తంది. పొద్దుగాల కక్కింది గూడ."

"దానికి ఏం గాలే కాకా," అన్నడు అంబాదాస్. "దాని తల్లి యాదికొస్తంది. గల్లీల అందరు అదే అన్నరు. కొత్త ఇల్లు గద, సవయ్ అయితే, అలవాటు పడితే అదే తింటది. ఈమె వింటేనా? పనికి ఖాడా, ఒకనాటి నాగా పెట్టించి నన్ను ఆటో ఎక్కించింది."

"నోరు ముయ్యిరా. నన్ను గూడ అట్లనే అన్నరు," అన్నది పోశవ్వ.

నేను పిల్ల మూతి తుడుస్తుంటే ఆమె చెప్పుకొచ్చింది. సిద్దిపేట దిక్కు పల్లె నుంచి పెండ్లైన కొత్తల సోలాపూర్ వచ్చిందట. భాష తెల్వదు, జొన్న భాకరి గొంతు దిగదు. పండుకున్నది పండుకున్నట్టే. అందరు ఒకటే మాట: తల్లి యాదికొస్తంది, సవయ్ అయితది. "ఆఖరికి మా అత్త నన్ను ఆకిట్లకు గుంజుకపోయి, ఎండల నా కండ్లు ఇప్పి చూసింది. పసుపు పచ్చగున్నయి. కామెర్లు. యాదే అనుకొని ఊకుంటే నేను ఉందునా, వీడు ఉండునా? అందుకే దీన్ని యాది మీద ఇడిసిపెట్టను."

అంబాదాస్ తల దించుకొని గంప దిక్కు చూసిండు. ఈ ముచ్చట వాడు మొదటిసారి విన్నట్టున్నడు.

మా డాక్టరు బాయి చిన్న వయసుది, మరాఠీ అమ్మాయి. పిల్ల మెడ మీది తోలు రెండు వేళ్లతోని పట్టి ఇడిసింది. తోలు ఎంటనే ఎనక్కి పోలే. దాన్ని డీహైడ్రేషన్ అంటరు, ఒంట్ల నీళ్లు తగ్గినయని గుర్తు. పొట్ట మీద చెయ్యి పెడితే పిల్ల ముడుచుకపోయింది. అప్పుడు నోరు తెరిచి, గదువ కింది నుంచి బొటనవేలుతోని పైకి నొక్కింది. నాలుక లేచింది. నాలుక మొదట్ల ఎర్ర దారం చుట్టుకొని, మాంసంలకు దిగి ఉన్నది.

"అగో, అది మా బీమ్ ఎరుపే!" అన్నడు అంబాదాస్.

అనుడు కాదు, అప్పటికే వాని వేళ్లు పిల్ల నోట్ల ఉన్నయి. నేసేటోని చెయ్యి అట్లనే ఉంటది. పోగు కొస కనబడితే బుర్రను అడగదు, గుంజుతది. నేను వాని మణికట్టు పట్టిన.

"ఇడువు కాకా, ఒక్క ఝట్కా ఇస్తే ఒడుస్తది!"

"పిల్ల ఒడుస్తది!" అన్నది డాక్టరు బాయి, మరాఠీల, గట్టిగ. తర్వాత నిదానంగ చెప్పింది. "పైజామాకు నాడా గుంజితే ఏమైతది? బట్ట కుచ్చులు పడతది గద. దారం ఒక కొస నాలుకకు చిక్కింది, ఇంకో కొస పేగుల ఉన్నది. పేగు కుచ్చులు పడి ఉంటది. ఇప్పుడు గుంజితే దారం రంపంలెక్క పేగును కోస్తది."

అంబాదాస్ చెయ్యి ఎనక్కి తీసుకొని రెండు చేతులు చంకల్ల పెట్టుకున్నడు.

దారం ఎట్ల మింగిందని అడిగితే పోశవ్వ మెల్లగ చెప్పింది. కొత్తగ వచ్చింది, చలి పెడతదని, అంబాదాస్ షెడ్డు నుంచి తెచ్చిన నూలు వేస్టు, అంటే తెగిన పోగుల కుప్ప, గంపల నింపి దానికి పరుపు చేసిందట. "దూదిలెక్క మెత్తగుండె అన్నా. నేనే చేసిన." నాకు తిట్టు నోటిదాక వచ్చింది. ఆమె మొకం చూసి మింగిన. నేసేటోళ్ల ఇంట్ల ఇంతకంటె మెత్తటిది ఏముంటది, ఏది పెడతది?

మత్తు సూది ఇచ్చి, డాక్టరు బాయి నాలుక కాడ దారం కోసింది. కోసింది గని గుంజలే. తోలు కింద సెలైన్ ఎక్కించింది. "జల్దీ తెచ్చిన్రు కాబట్టి దారం దానంతటదే కిందికి జారొచ్చు. మళ్ల కక్కినా, పొట్ట గట్టిపడినా ఆపరేషన్ చెయ్యాలె. ఇంత చిన్న ప్రాణం తట్టుకుంటదని నేను మాటియ్యలేను," అన్నది.

పిల్లను క్లినిక్‌లనే ఉంచుకున్నం. పొద్దుగాల తలుపు తెరిచేసరికి పోశవ్వ అరుగు మీద ఉండేది. మొదటినాడు తంబాకు చాట గూడ తెచ్చింది, కూసున్న కాడ బీడీలు చేసుకుంటనని. నేను ఆ చాటను బయట పెట్టించిన. తంబాకు దుమ్ము పిల్లి బొచ్చు మీద పడుతది, అది నాకుతది, అది విషం. "అయితే చేతులతోని ఏం చెయ్యాలె?" అన్నది. ఆమె చేతులు ఖాళీగ ఉండంగ ఆమె గూడ ఎన్నడు చూసుకోలేదు కావచ్చు. రెండు చేతులు ఒళ్లె పెట్టుకొని కూసున్నది.

ఒక సాయంత్రం పిల్ల దొడ్డికి కూసున్నది. ఎనక నుంచి ఎర్ర కొస బయటపడ్డది.

"అన్నా! వచ్చింది!" అని అరిచింది పోశవ్వ. అరుస్తనే చెయ్యి పోయింది. సగంల ఆపుకున్నది. "అన్నా, నా చేతులు పట్టుకో. నా తోని అయితలేదు. పట్టుకో!"

నేను ఉరికి ఆమె రెండు చేతులు పట్టుకున్న. ఎన్నో ఎద్దులను, బర్రెలను పట్టిన చేతులు నావి, అయినా ఆమె చేతులను ఆపేటందుకు గట్టిగనే పట్టాల్సి వచ్చింది. డాక్టరు బాయి వచ్చి, వేలాడేటంత మటుకే కత్తిరించి, మిగిలింది ఇడిసిపెట్టింది. మర్నాడు పగటి వరకు మిగతాది ముద్దగ పడ్డది. ఉడికించిన కోడి నీళ్లు చెంచాతోని పెడితే పిల్ల చెంచాను గూడ కొరికింది. పోశవ్వ నవ్వుకుంట ఏడ్చింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు బాయి చెప్పినయి నేను తెలుగుల మళ్ల చెప్పిన. ఒక అర్రల మూలకు అట్టపెట్టె, దాంట్ల నేసిన బట్టనే పరువాలె, పోగులు కాదు. దొడ్డికి తట్టల ఇసుక. బర్రె పాలు వద్దు, కడుపు జారుతది. బలం వచ్చినంక డీవర్మింగ్, అంటే పురుగుల మందు, తర్వాత టీకాలు. అంబాదాస్ అంత విని, "కాకా, మనుషులకు గూడ ఇన్ని చెయ్యం గద," అన్నడు. "చెయ్యాలెరా, చేస్తే తెలుస్తది," అన్నది తల్లి.

టీకాకు తెచ్చినప్పుడు వాడే మొర పెట్టుకున్నడు: "ఎలుక కనబడితే ఇది మా అవ్వ దిక్కు చూస్తది కాకా, పట్టు అన్నట్టు!" అయినా వాని అంగి జేబు నిండ తెగిన పోగులే. నడిచిన కాడల్లా నేల మీదివి ఏరుకుంట వచ్చిండు.

ఆ కేసు నాకు నేర్పింది ఒకటే. కొత్త ఇంటికి వచ్చిన ప్రాణి తింటలేదంటే, అది బెంగ కావచ్చు, జబ్బు కావచ్చు. బెంగ అనుకునుడు సులువు, ఎందుకంటే లేచి చూసే పని ఉండదు. ఇప్పటికీ నాకు ఫోన్‌లు వస్తయి. కొత్త పిల్లి, తింటలేదు తాతా, ఫొటో పంపుతం అంటరు. ఫొటో నాకెందుకు? నోరు తెరిచి నాలుక కింద చూడు, దారం కనబడితే ముట్టకుండ ఎత్తుకొని దవాఖానకు ఉరుకు అని చెప్త. కరుస్తది తాతా అంటరు. కరవనీ. కరిచే బలమన్న ఉన్నదని తెలుస్తది.